పన్నెండు అడుగుల గడ

ఆయన పోయిన సంగతి నాకు ఫుడ్ స్ట్రీట్ వాట్సాప్ గ్రూపులో తెలిసింది. ఆ గ్రూపులోంచి బయటికి వచ్చేయాలని చాలాకాలంగా అనుకుంటూనే ఉన్నాను, రాలేదు. భుజం మీద శాలువాతో ఆయన ఫొటో, కింద ‘ఓం శాంతి’ అని రాసి ఉంది. ఆయన క్రైస్తవుడు. ఒక్క ఆదివారం కూడా ఆరాధన తప్పని మనిషి. ఆ సంగతి ఆ వీధిలో ఎవరికీ గుర్తున్నట్టు లేదు. దాని కింద దణ్ణం పెడుతున్న చేతుల బొమ్మలు పదకొండు. పన్నెండోది, కొత్తగా వచ్చిన బిర్యానీ పాయింటు వాళ్ళ వీకెండ్ ఆఫర్ పోస్టరు.

లెక్కపెట్టడం నాకు అలవాటు. సివిల్ ఇంజినీరింగు చదివి, ఒక చిన్న కన్సల్టెన్సీలో డ్రాయింగులు గీస్తాను. విజయవాడ నడిబొడ్డున వ్యాపారాల వీధి ఒకటుంది. సాయంత్రం ఐదు దాటాక దానిలోకి బళ్ళు రానివ్వకుండా, హోటళ్ళవాళ్ళు రోడ్డు మీదే టేబుళ్ళు వేసుకుని వడ్డించుకునేలా మార్చారు. ఆ మార్పుకి డ్రాయింగు గీసింది నేనే. ఆయన ఫైరింజన్ డ్రైవరు. మా ఇద్దరికీ ఉన్న సంబంధం అంతవరకే. ఆయన ఇంటిపేరు నాకు తెలియదు. పుట్టిన తేదీ తెలియదు. పిల్లలెందరో తెలియదు. ఆయనకి ఎడమ చెవి సరిగ్గా వినపడదని మాత్రం తెలుసు. ఎవరైనా మాట్లాడుతుంటే మొహం కొంచెం ఎడమకి తిప్పి, కుడి చెవి ముందుకు పెట్టేవాడు. కొత్తవాళ్ళు ఆయనకి కోపం వచ్చిందనుకునేవారు.

మొదటిసారి చూసింది తనిఖీ రోజున. మంజూరు ఇవ్వాల్సిన ఆఫీసర్లు ముగ్గురు, హోటళ్ళ సంఘం సెక్రటరీ గారు, నేను, వీధి మొదట్లో కొత్తగా కట్టిన ఆర్చి కింద నిలబడి ఉన్నాం. ఫైర్ ఆఫీసరు గారిని తీసుకొచ్చిన జీపు డ్రైవరు ఈయనేననుకున్నాను. పొట్టి మనిషి, ముంజేతులు మాత్రం లావు. ఆర్చి స్తంభానికి వీపు ఆనించి, రెండు చేతులూ బారచాపి, తనలో తను ఏదో అనుకుంటున్నాడు.

“బండెక్కడ ఆగుద్దండీ?” అన్నాడు ఉన్నట్టుండి.

నేను డ్రాయింగు విప్పి చూపించాను. వీధి వెడల్పు ముప్పై అడుగులు. మధ్యలో పన్నెండు అడుగులు ఫైరింజను కోసం ఖాళీ. అటు తొమ్మిది, ఇటు తొమ్మిది టేబుళ్ళకి. పసుపు గీతలు కూడా వేసి చూపించాను. ఆయన డ్రాయింగు మీద వేలు పెట్టి మెల్లగా జరిపి, పసుపు గీత దగ్గర ఆపాడు. అక్కడ చిన్న అక్షరాల్లో నేను రాసిన నోటు ఉంది. సంఘంవాళ్ళు ఇంకో వరస టేబుళ్ళు కావాలని పదిహేను రోజులు తిరిగితే, మా ఆఫీసులో సర్దుబాటుగా రాయించిన వాక్యం. ‘ఫోల్డింగ్ టేబుళ్ళు గీత దాటి మూడడుగుల వరకు వేసుకోవచ్చు. అవసరమైనప్పుడు తొలగించవచ్చు.’

“తీయొచ్చు అని రాశారు,” అన్నాడు. “ఎవరు తీస్తారో రాయలేదేం?”

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

“మేమే తీస్తాం డ్రైవర్ గారూ,” అన్నాడు సెక్రటరీ. “మీరు హారన్ కొట్టండి చాలు. టేబుళ్ళతో పాటు కస్టమర్లని కూడా గాల్లోకి లేపేస్తాం.”

ఆయన నవ్వలేదు. మొహం ఎడమకి తిప్పి సెక్రటరీ వైపు చూశాడు. కోపం కాదు, వినడానికి.

ఇక్కడ సెక్రటరీ గురించి చెప్పకపోతే తప్పవుతుంది. చెడ్డవాడు కాదు. వీధి మధ్యలో ఆయనది టిఫిన్ హోటలు. ఆ రోజు టీ తాగుతూ నాతో అన్న మాట నాకింకా గుర్తుంది. “లోపల పొయ్యిలు పెడితే గాలాడదు, ప్రమాదం, బయట పెట్టుకోమని మీలాంటోళ్ళే చెప్పారు సార్. బయట పెడితే దారి లేదంటారు. మమ్మల్ని ఎక్కడ వండమంటారు, కృష్ణలోనా?” ముప్పై అడుగుల్లోకి వండేవాళ్ళు, తినేవాళ్ళు, నడిచేవాళ్ళు, ఎప్పుడో ఒకసారి వచ్చే ఫైరింజను, నాలుగూ పట్టాలి. నేను ఆరు రకాలుగా గీసి చూశాను. ఏ రకంగా గీసినా ఎవరో ఒకరు చుట్టుపక్కలవాళ్ళని చూసి సర్దుకోవాలి.

“మనుషులు సర్దుకుంటారు బాబూ,” అనేవాడాయన తర్వాత తర్వాత. “మనుషులకి మొహమాటం ఉంటది. బండికి మొహమాటం ఉండదు. పడితే పడుద్ది, లేపోతే లేదు.”

వారం తిరిగేసరికి గడతో వచ్చాడు. పన్నెండు అడుగుల వెదురు గడ, రెండు కొసలకీ ఎర్ర గుడ్డ. సరిగ్గా మధ్యలో, చేత్తో పట్టుకునే చోట, పాత సైకిల్ ట్యూబు చుట్టి ఉంది. డ్యూటీ లేని రోజుల్లో సాయంత్రం ఐదున్నరకి, ఇంకా జనం పలచగా ఉండగానే, కొండపల్లి వైపు నుంచి స్కూటరు మీద వచ్చేవాడు. గడ ఆర్చి పక్కన కిళ్ళీ కొట్టు వెనక ఉండేది. దాన్ని నడుం ఎత్తున అడ్డంగా, రెండు చేతులతో పట్టుకుని, వీధి ఈ కొస నుంచి ఆ కొస దాకా నడిచేవాడు. గడ ఎక్కడా తగలకూడదు. తగిలితే ఆగేవాడు. మాట్లాడేవాడు కాదు, తిట్టేవాడు కాదు. ఆ టేబుల్ జరిగేదాకా గడ పట్టుకుని అలా నిలబడి ఉండేవాడు.

పన్నెండే ఎందుకని అడిగితే వేళ్ళు మడిచి చెప్పాడు. “బండి ఎనిమిది. అద్దాలు అటొక అడుగు, ఇటొక అడుగు. పదయ్యిందా? తలుపు తీసి మా కుర్రోళ్ళు దిగాలి, పైపు లాగాలి. ఆ రెండూ వాళ్ళకి. పన్నెండు. ఒక్క అంగుళం నా సొంతానికి అడగట్లేదు.”

“గడతో కొలవడం ఎందుకండీ, టేపు నేనిస్తాను కదా.”

“టేపుని ఎవడు చూస్తాడు బాబూ? మా నాన్న లంకలో ఏరు దాటించే పంటు మీద గడేసేవాడు. ఏటి అడుగున ఏముందో కళ్ళకి కనపడదు. గడేస్తేనే తెలుస్తది.”

నెల తిరక్కముందే అదొక తంతు అయిపోయింది. గడ ఆర్చి దాటగానే కిళ్ళీ కొట్టతను “గడొస్తందోయ్!” అని కేకేసేవాడు. ఆ కేక ఒక బండి నుంచి ఇంకో బండికి అందుకుంటూ పోయేది. సర్వర్లు ఫోల్డింగ్ టేబుళ్ళు టకటకా మడిచేసేవాళ్ళు. తింటున్నవాళ్ళు ప్లేట్లు చేత్తో పట్టుకుని లేచి నిలబడేవాళ్ళు. గడ దాటిపోగానే ఆయన వీపు వెనక టేబుళ్ళు మళ్ళీ విచ్చుకునేవి. పైనుంచి చూస్తే, పడవ వెళ్తుంటే ముందు చీలి వెనక కలిసిపోయే నీళ్ళలా ఉండేది. ఊరుకోని కాలేజీ పిల్లలు ఆయనతో సెల్ఫీలు దిగేవాళ్ళు. “డ్రైవర్ గారొచ్చారు, హారతి పట్టండ్రా,” అని సెక్రటరీ హాస్యమాడేవాడు. “ఆ గడకి రెండు నిమ్మకాయలు కట్టుకోండి గురువుగారూ, దిష్టి తగులుద్ది,” అని ఇంకొకరు. ఆయన వీపు వెనక ఏం జరుగుతుందో ఆయనకి తెలుసని నా నమ్మకం. కానీ ఎప్పుడూ తిరిగి చూసేవాడు కాదు.

వీధి చివర్లో ఆగేవాడు. అక్కడ పాత మూడంతస్తుల మేడ. కింద జ్యూస్ బండి. పక్కనే సన్నటి మెట్ల దారి, పై అంతస్తులకి అదొక్కటే. మూడో అంతస్తులో రిటైరైన టీచరమ్మ ఒక్కతే ఉంటుంది. మోకాళ్ళు పనిచెయ్యవు. కూరగాయలకి తాడు కట్టిన బుట్ట కిందికి వదులుతుంది. వరండాలోంచి తొంగి చూస్తే ఆమెకి వీధంతా కనిపిస్తుంది కానీ, తన మెట్ల మొదలు మాత్రం కనపడదు. జ్యూస్ బండి పరదా అడ్డం.

ఆయన గడ గోడకి ఆనించి మెట్ల దగ్గరికి వెళ్ళేవాడు. అక్కడ రోజూ ఏదో ఒకటి ఉండేది. కూల్‌డ్రింకు ట్రేలు, బత్తాయి బస్తాలు, విరిగిన కుర్చీలు, ఒకసారి ఎవరిదో సైకిలు. ఒక్కొక్కటే ఈడ్చి పక్కన పెట్టేవాడు. ట్రేల గలగల, కుర్చీ కాళ్ళ కీచులు. అన్నీ అయ్యాక వెనక్కి నాలుగడుగులు వేసి, తలెత్తి, అరిచేవాడు.

“అమ్మా! మెట్లున్నాయి!”

పైనుంచి ఆమె గొంతు. “ఉన్నాయా నాయనా? సరే అయితే, ఇవాళ్టికి పడుకుంటాను.”

ఆరున్నరకే పడుకుంటుందా అని నేను నవ్వితే ఆయన నా వైపు చిత్రంగా చూశాడు. “పడుకోవడం అంటే నిద్ర కాదు బాబూ,” అన్నాడు.

ఏ గదిలోకి వెళ్ళినా ముందు తలుపులు చూసుకునే మనిషి. హోటల్లో ద్వారానికి ఎదురుగా కూర్చునేవాడు. టీ అయితే బయట నిలబడి తాగేవాడు. చర్చిలో ఆఖరి బెంచీ, తలుపు పక్కన. పాస్టరు గారు ముందుకి రమ్మంటే, “దేవుడికి ఇక్కణ్ణుంచి కూడా కనపడతానండీ,” అన్నాడట. స్కూటరు ఎక్కడ పెట్టినా మూతి రోడ్డు వైపు తిప్పే పెట్టేవాడు. మా అపార్టుమెంటు గృహప్రవేశానికి పిలిస్తే వచ్చాడు. మా అమ్మ స్టవ్వు మీద పాలు పొంగిస్తోంది. ఆయన గదులన్నీ తిరిగొచ్చి, వంటింటి గుమ్మంలో నిలబడి, “ఇంకో తలుపేది బాబూ?” అన్నాడు. లేదన్నాను. పాలగ్లాసు అందుకుని, తాగకుండా, కాసేపు కిటికీ ఊచలు పట్టుకుని లాగి చూశాడు. ఆయన వెళ్ళాక మా అమ్మ, “శుభమా అని పాలు పొంగిస్తుంటే ఆయనెవర్రా, దూరే సందు కోసం ఎలకలాగా వెతుకుతాడు?” అంది. ఇప్పటికీ ఆ కిటికీ ఊచలు చూస్తే నాకు ఆయన చెయ్యి గుర్తొస్తుంది.

ఎందుకిలా తయారయ్యాడో ఒక్కసారే చెప్పాడు. గడ నడక అయ్యాక బందరు కాలువ గట్టు మీద టీ తాగుతున్నాం. ఉద్యోగంలో చేరిన కొత్తలో, దివిసీమ వైపు చిన్న స్టేషన్లో ఉండేవాడట. ఎండాకాలం. ఒక పల్లెలో పూరిళ్ళు అంటుకున్నాయని కబురు. బండి తీసుకుని వెళ్తే, ఊరి మొదట్లో దారికి అడ్డంగా పెళ్ళిపందిరి, గుంజలు పాతేసి ఉంది.

“గుంజలు పీకుతామన్నాం. పందిట్లో కుర్రోళ్ళు పీకబోయారు కూడాను. ముహూర్తపు రాట మాత్రం పెద్దాయన్ని అడక్కుండా పీకకూడదన్నారు ఆడవాళ్ళు. పెద్దాయనేడీ అంటే స్నానం చేస్తన్నాడు. ఆయన తడి పంచెతో వచ్చి, అయ్యో పీకండ్రా, అనే సరికి...” ఆగాడు. “నాలుగిళ్ళు. ఒక ముసలాయన. నిండు ట్యాంకుతో వెళ్ళాను బాబూ, నిండు ట్యాంకుతో తిరిగొచ్చాను. ఏ బండైనా పనికెళ్ళి వస్తే తేలికవుద్ది. ఆ రోజు వెళ్ళేటప్పుడు ఎంత బరువుందో వచ్చేటప్పుడూ అంతే ఉంది. ఎవరికీ తెలవదు. స్టీరింగుకి తెలుస్తది.”

ఆ గ్లాసు అక్కడే పెట్టేసి లేచాడు. టీ సగం అలాగే ఉంది.

ఆ వీధిలో మంట అంటుకుంది ఒక ఆదివారం సాయంత్రం. అప్పుడు నేను కూడా అక్కడే ఉన్నాను, స్నేహితులతో. సెక్రటరీ గారి హోటలు ముందే, దోసె పెనం కింద గ్యాసు పైపు ఊడింది. దోసె మాస్టరు పైపు పట్టుకుని మూయబోయాడు. మంట పైకి లేచి, ఎండకి కట్టిన ఆకుపచ్చ నీడవల అందుకుంది. ఆ వల నుంచి పక్క బండి పరదాకి. జనం వెనక్కి జరిగారు కానీ వీధి వదల్లేదు. ఎక్కువమంది చేతుల్లో ఫోన్లు.

ఫైరింజను త్వరగానే వచ్చింది. ఆర్చి దగ్గర ఆగింది. ఆ రోజు స్టీరింగు ముందు ఉన్నది ఆయనే. సైరన్ మోగుతోంది. హారన్ కొడుతూనే ఉన్నాడు. ఆర్చి నుంచి మంట దాకా, రెండు వైపులా ఫోల్డింగ్ టేబుళ్ళు విచ్చుకుని ఉన్నాయి. మధ్యలో ఆరడుగులు.

ఎవరూ తియ్యలేదు.

తీయకూడదనుకుని కాదు. ఆ వీధిలో టేబుళ్ళు తీయడమంటే ఏమిటో ప్రతి సర్వరుకీ తెలుసు, వారంలో నాలుగు రోజులు చేస్తున్న పనే. కిళ్ళీ కొట్టతను బండి వంక చూశాడు, బండి ముందు వంక చూశాడు. సర్వర్లు ఆర్చి వైపు తలలు తిప్పి, ప్లేట్లతో అలా నిలబడ్డారు. వాళ్ళు కేక కోసం చూస్తున్నారు. కేక వేసేవాడు గడ కోసం చూస్తున్నాడు. “గడేదీ? గడేదిరా?” అని ఎవరో అంటుంటే విన్నాను. నేను అరిచాను, నా చేతికందిన రెండు టేబుళ్ళు మడిచాను. రెండు. ఆ టేబుళ్ళ దగ్గర కూర్చున్నాయన “ఏంటి బ్రదర్!” అన్నాడు.

ఆయన దిగి రాలేడు. పంపు నడిచేది బండి ఇంజనుతోనే. డ్రైవరు దిగిపోతే పైపులో నీళ్ళుండవు. సిబ్బంది నలుగురూ దూకి పైపు భుజాల మీద వేసుకుని పరుగెత్తారు. పైపు టేబుల్ కాళ్ళకి, కుర్చీలకి చుట్టుకుంది. ఆ లోపు హోటళ్ళవాళ్ళు గిన్నెలు కడిగే డ్రమ్ముల్లోంచి, బిందెలతో, చివరికి పిండి గిన్నెలతో కూడా నీళ్ళు పోసి, మంట ఆర్పేశారు. నిజానికి మంట పెద్దది కాదు. రెండు బళ్ళు, ఒక నీడవల. దోసె మాస్టరు రెండు చేతులూ మోచేతుల దాకా.

నేను బండి దగ్గరికి వెళ్ళేసరికి ఆయన ఇంకా స్టీరింగు పట్టుకునే ఉన్నాడు. కిటికీ దగ్గర ఒక పెద్దమనిషి, చేతిలో ఇడ్లీ ప్లేటు, రోజూ వచ్చే కస్టమరే. పలకరింపుగా, ప్రేమగానే అడిగాడు.

“ఏం డ్రైవర్ గారూ, ఇవాళ గడ తేలేదేం?”

ఆయన మొహం ఎడమకి తిప్పి విన్నాడు. రెండోసారి కూడా చెప్పించుకున్నాడు. తర్వాత గేరు వేసి, బండిని వెనక్కి తీశాడు. నిండు ట్యాంకు కదా, మూలుగుతూ కదిలింది.

పది రోజుల తర్వాత కాలువ గట్టు మీద కలిశాడు. రమ్మన్నది ఆయనే.

“తప్పు నాదే బాబూ. గడకి లేవడం నేర్పాను. బండికి లేవడం నేర్పలా.”

“నోటు రాసింది నేనండీ,” అన్నాను. “ఎవరు తీస్తారో రాయలేదని మీరు మొదటి రోజే అన్నారు.”

“మీది కాయితం మీద తప్పు, దిద్దొచ్చు. నాది అలవాటు. జనానికి పట్టిన అలవాటు ఎట్టా దిద్దుతాం?”

నేను దిద్దాను. చెప్పుకోవడానికి కాదు, జరిగింది జరిగినట్టు రాయాలి కాబట్టి. గీత దాటిన టేబుళ్ళు రద్దు. ఏ టేబులు ఏ హోటలు బాధ్యతో పేరుతో సహా పట్టిక. సిలిండర్లు ఎక్కడ, ఎన్ని. మెట్ల దారి ముందు నేల మీద ఎర్ర రంగు గడి, అందులో ఏమీ ఉంచరాదు. నాలుగు షీట్లు. ఇవ్వాల్సిన చోట ఇచ్చాను. ‘పరిశీలనలో ఉంది’ అన్నారు. మా ఆఫీసులో మా బాస్, “ఆ ప్రాజెక్టు అయిపోయింది కదయ్యా, ఇంకా దాన్నే పట్టుకుని వేలాడతావేం?” అన్నాడు. సంఘం మీటింగులో సెక్రటరీ నా షీట్లన్నీ ఓపిగ్గా చూశాడు. దోసె మాస్టరుని ఆసుపత్రిలో చేర్చి దగ్గరుండి చూసుకున్నది ఆయనే. కళ్ళనీళ్ళు కూడా పెట్టుకున్నాడు. “మీరు చెప్పింది అక్షరాలా నిజం సార్,” అన్నాడు. “కానీ నేనొక్కణ్ణీ మూడడుగులు లోపలికి జరిగితే పక్కోడు ఆ మూడడుగులూ వేసుకుంటాడు. అందరూ ఒకేసారి జరగాలి. అందరినీ ఒకేసారి ఎవడు జరుపుతాడు?” దోసె మాస్టరు ఇప్పుడు గుడివాడ దగ్గర వాళ్ళ ఊళ్ళో ఉన్నాడట. పెనం ముందు మళ్ళీ నిలబడలేదు. నీడవల కొత్తది వేశారు, ఈసారి నీలం.

ఆయన మాత్రం గడ నడక మానలేదు. కానీ పద్ధతి మార్చాడు. గడ భుజాన నిలువుగా పెట్టుకుని, నోటితో హారన్ కొడుతూ నడిచేవాడు. “పాం! పాం!” అని, యాభై తొమ్మిదేళ్ళ మనిషి. హారన్‌కి లేవడం నేర్పాలని. జనం నవ్వారు. ఎవరో వీడియో తీసి పెడితే ఊరంతా చూసింది. ‘పాం పాం తాత’ అన్నారు. సర్వర్లు ఆయన్ని చూస్తే నవ్వుతూ పక్కకి తప్పుకునేవాళ్ళు, టేబుళ్ళు మాత్రం మడిచేవాళ్ళు కాదు. గడ అడ్డంగా లేదు కదా. రెండు నెలలకి అదీ ఆగిపోయింది. మెట్ల దగ్గరికి మాత్రం వచ్చేవాడు.

రిటైరయ్యాక సంఘంవాళ్ళు సన్మానం చేశారు. వీధిలోనే, ఆర్చికి కొంచెం లోపల, స్టేజీ కట్టి. ఆయన స్టేజీ ముందు నిలబడి ఎక్కనన్నాడు.

“స్టేజీ దారిలో ఉందండీ,” అన్నాడు.

అందరూ చప్పట్లు కొట్టారు. మైకులో ఎవరో “చూశారా, ఇవాళ కూడా డ్యూటీ!” అన్నారు. చివరికి కిందే శాలువా కప్పారు. గుర్తుగా ఆ గడ మాకు ఇవ్వండి అని సెక్రటరీ అడిగాడు. ఆయన చాలాసేపు ఆలోచించి ఇచ్చాడు. “రోజుకొకరు నడవండి. వంతులేసుకోండి,” అన్నాడు. అలాగే అలాగే అన్నారు. ఆ ఫొటోయే గ్రూపులో పెట్టింది.

కొండపల్లి దగ్గర వాళ్ళింట్లో జ్ఞాపకార్థ కూడికకి వెళ్ళాను. పాటలు పాడుతుంటే ఆఖరి వరసలో, తలుపు పక్కన కూర్చున్నాను. ఆయన భార్య నన్ను గుర్తుపట్టలేదు. వీధి పేరు చెబితే, “ఆఁ, ఆ గడ వీధా,” అంది. “పోయే ముందు వారం కూడా అడిగాడయ్యా, ఎవరైనా నడుస్తన్నారో లేదో కనుక్కోమని. ఎవర్ని అడగాలో నాకేం తెలుసు?”

నన్ను అడగొచ్చు అని నేను అనలేదు.

మర్నాడు సాయంత్రం ఐదున్నరకి ఆ వీధికి వెళ్ళాను. సెక్రటరీ గారి హోటల్లో కౌంటరు పైన, ఏసీకీ దేవుడి పటానికీ మధ్య, అద్దాల పెట్టెలో గడ ఉంది. బంతిపూల దండ వేసి ఉంది. ఎర్ర గుడ్డ ఒక కొసనే ఉంది. రెండో కొస కొత్తగా, తెల్లగా ఉంది.

“కోశారా?”

“గోడ సరిపోలేదు సార్. ఎనిమిదడుగులే పట్టింది,” అన్నాడు సెక్రటరీ. “ఒకసారొచ్చి చూశాడు పాపం. కింద నిలబడి చెయ్యెత్తి గాల్లో జానలేసుకున్నాడు. కాఫీ తాగమంటే వద్దని వెళ్ళిపోయాడు.”

ఎనిమిది. బండి ఒంటి వరకు. అద్దాలు లేవు, దిగే మనిషి లేడు.

బయటికి వచ్చి టేపుతో కొలిచాను. కొలవకుండా ఉండలేను. ఆర్చి దగ్గర ఏడడుగులు. మధ్యలో ఐదున్నర. వీధి చివర, జ్యూస్ బండి చోట వచ్చిన కొత్త బిర్యానీ పాయింటు ముందు, నాలుగుంబావు. మెట్ల దారి ముందు ఆగాను. ఒక ఫ్రిజ్జు, దాన్ని మెట్ల కమ్మీకి గొలుసుతో కట్టేశారు. రెండు సిలిండర్లు. ట్రేలు ఆరు. ఒకదాంట్లో ఒకటి పెట్టిన ప్లాస్టిక్ కుర్చీలు. బాస్మతి బస్తాలు మూడు. వీటన్నిటి మీదా వాన పడకుండా పట్టా లాగి, దానికి ఊతంగా ఒక గుంజ పెట్టారు. వెదురు గుంజ, నాలుగడుగులు. కొసన ఎర్ర గుడ్డ.

ఫ్రిజ్జు నావల్ల కాదు. ట్రేలు, కుర్చీలు నేను జరపగలిగినవే. చెయ్యి చాపాను కూడా. బిర్యానీ పాయింటు యజమాని, ఇరవై ఐదేళ్ళుంటాయేమో, నా ఈడువాడే, నా వైపు చూసి నవ్వి, “చెప్పండి సార్, ఏం కావాలి? కూర్చోండి, కూర్చోండి,” అని తనే ఒక కుర్చీ తుడిచాడు. కొత్తగా పెట్టుకున్న వ్యాపారం, నుదుట ఇంకా బొట్టు ఆరలేదు. నాకు మొహమాటం వేసింది.

“ఎవరూ?” అంది పైనుంచి టీచరమ్మ. “కింద ఎవరది?”

నాలుగడుగులు వెనక్కి వేసి తలెత్తాను. “నేనండీ. ఈ వీధికి డ్రాయింగు గీసినబ్బాయిని. డ్రైవర్ గారితో వచ్చేవాణ్ణి.”

“ఆఁ ఆఁ. ఆయన రావట్లేదేం నాయనా?”

“పోయారండీ. పోయిన వారం.”

బుట్ట తాడు గాలికి ఊగుతోంది. కింద ఎవరో ఆర్డరు కేకేశారు.

“మరి,” అంది, “మెట్లున్నాయా?”

“ఉన్నాయండీ,” అన్నాను.

ఆమె వరండాలోంచి కదల్లేదు. కమ్మీ పట్టుకుని, తనకి కనపడని చోటుకేసి, నా పక్కకి, కాసేపు చూసింది.

“ఆయనైతే ముందు చప్పుడయ్యేది,” అంది.